శాంతినికేతన చిత్రశాలలో నేను నేర్చుకొనిన పాఠము

ఈ సంచికకు ఏదైన ఒక యాత్రావిశేషము వ్రాసి యిమ్మని సంపాదకులు నన్ను కోరిరి. 2025వ సంవత్సరము జనవరిలో, సంక్రాంతి సెలవులయందు, నేను పశ్చిమ వంగరాష్ట్రమందలి శాంతినికేతనమునకు పోయి, విశ్వభారతి విశ్వవిద్యాలయమువారి చిత్రశాలలో విద్యార్థుల ప్రదర్శనము నొకదానిని చూచి వచ్చితిని. ఆ సంగతియే వ్రాయుదునని మాట యిచ్చితిని. కాని కాగితము ముందు కూర్చుండినప్పుడు, ఆ యాత్రకు రెండు మాసములు ముందుగా మన పాఠశాలలో జరిగిన యొక చిన్న విషయమును చెప్పనిదే ఆ ప్రదర్శనము నాకేమి నేర్పెనో చెప్పజాలనని తోచినది. ఆ విషయము నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను తప్పు దిద్దుకొనుమని పిల్లలకు నిత్యము చెప్పువాడు తన తప్పును దాచుకొనుట న్యాయము కాదు గదా.

2024వ సంవత్సరము నవంబరు 14వ తేదీన, బాలల దినోత్సవ సందర్భమున, మన పాఠశాల వసారాలో చిత్రముల ప్రదర్శనము ఏర్పాటు చేసితిమి. "మా ఊరు" అను విషయముపై చిత్రము వేసి తెమ్మని ఎనిమిదవ తరగతివారికి చెప్పితిని. చిత్రములు వచ్చినవి. వానిలో పెక్కింటియందు రెండు కొండలు, కొండల నడుమ ఉదయించు సూర్యుడు, క్రింద నొక నది, నదిలో పడవ, ఒడ్డున పూరిల్లు, దాని ప్రక్కన కొబ్బరిచెట్టు. మన పాలమూరు పల్లెలలో పడవ యెక్కినవారెందఱో, కొబ్బరిచెట్టు నీడన కూర్చుండినవారెందఱో చదువరులే యెఱుగుదురు. అయినను పిల్లలను తప్పు పట్టరాదు. ఆ కొండలను, ఆ పడవను ఇరువది సంవత్సరములుగా నల్లబల్ల మీద వేసి చూపినవాడను నేనే.

ఒక బాలుని చిత్రము మాత్రము వేఱుగా నుండెను. అందులో కొండలు లేవు. రాత్రివేళ, రోడ్డు ప్రక్కన నొక దీపస్తంభము, దాని వెలుతురులో ఒక కుటుంబము నిలిచి యున్నది. తండ్రి చంకలో చాపచుట్ట, తల్లి నెత్తిమీద వంటపాత్రల మూట, బియ్యపు సంచిమీద తల వాల్చి నిద్రించు చిన్న చెల్లెలు. దూరమున రెండు చిన్న వెలుగులు. అవి వచ్చుచున్న లారీ దీపములు. నల్ల పెన్సిలు, పసుపుపచ్చ పెన్సిలు, ఈ రెండింటితోనే వాడా చిత్రమును వేసెను.

"ఇది ప్రదర్శనమునకు పనికిరాదురా. పెద్దలు వచ్చి చూతురు. అందమైనది ఏదైన వేసి తెమ్ము" అంటిని.

వాడు మాఱుమాట పలుకలేదు. కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని పోయెను. తరువాతి వారము వాని చోటు ఖాళీగా నుండెను. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి పోయెననియు, తల్లిదండ్రులతో కూడ వాడును ఇటుక బట్టీకి పోయెననియు తోడి బాలురు చెప్పిరి. వానకాలపు పంట ముగిసిన పిదప పనికై ఊళ్లు విడిచి, మరల మృగశిర కార్తెకు ఇండ్లు చేరు కుటుంబములు మన జిల్లాలో ఎన్నియో కలవు. ఇది మనకు క్రొత్త కాదు. కావుననే నేను హాజరుపట్టీలో గుర్తు పెట్టి ఊరకుంటిని.

ఇట్లుండగా, మన పాఠశాలలో చదివి, ఇప్పుడు శాంతినికేతనమందలి కళాభవనములో అచ్చుచిత్రముల విద్య నభ్యసించుచున్న యువకుని యొద్దనుండి జాబు వచ్చినది. తానును, తోడి విద్యార్థులును వేసిన పనులను "నందన్" అను తమ చిత్రశాలలో ప్రదర్శించుచున్నామనియు, తప్పక వచ్చి చూడవలెననియు అతడు వ్రాసెను. నేను సికింద్రాబాదులో రైలెక్కి హౌరా చేరి, అచ్చటినుండి సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్న బోల్పూరు స్టేషనులో దిగితిని. మన పూర్వవిద్యార్థి నాకు ఎదురువచ్చి, లోనికి పోవుటకు కావలసిన అనుమతులన్నియు ముందే సంపాదించి యుండెను.

వంగదేశమనగా పచ్చని వరిచేలు, నిండు చెఱువులు అని యెంచి పోయిన నాకు ఆ నేల ఆశ్చర్యము కలిగించెను. బీర్భూము జిల్లాలోని ఆ ప్రాంతమంతయు ఎఱ్ఱని మొరపునేల. వాననీరు ఏటేట కోయగా నేల గండ్లు పడి, చిన్న చిన్న ఎఱ్ఱని లోయలుగా నేర్పడినది. దానిని అచ్చటివారు "ఖోవాయి" అందురు. మన చెలకలనే ఎవరో తెచ్చి అచ్చట పఱచినట్లుండెను. దేవేంద్రనాథ ఠాగూరుగారు 1863లో ఆ స్థలమును సంపాదించిరి. వారి కుమారుడగు రవీంద్రనాథుడు 1901లో అచ్చట చిన్న పాఠశాలను, 1921లో విశ్వభారతిని స్థాపించెను. 1919 నుండియే కళాభవనము పనిచేయుచుండెను. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైనది. 2023లో యునెస్కోవారు శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి. మన తెలుగువారిలో బెజవాడ గోపాలరెడ్డిగారు అచ్చట చదివినవారే. ఇప్పుడు అచ్చట కనబడు చెట్లన్నియు తమంతట మొలచినవి కావు. 1928లో రవీంద్రుడు వృక్షారోపణ మను పండుగను ఏర్పఱచి, మొక్కను నాటుటను పాటతో, నాట్యముతో కూడిన వేడుకగా చేసెను. ఆ వేడుక నేటికిని జరుగుచున్నది.

కళాభవనమునకు దీర్ఘకాలము పెద్దగా నుండిన నందలాల్ బోసుగారి పేరు మీలో కొందఱు వినియుందురు. మన రాజ్యాంగపు మూలప్రతిని శిష్యులతో కలసి చిత్రములతో అలంకరించినవారు వారే. 1938లో గుజరాతులోని హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, గాంధీజీ కోరిక ప్రకారము వారు పెక్కు చిత్రములు వేసిరి. ఆ చిత్రములలో రాజులు, రాణులు లేరు. డోలు వాయించువాడు, వడ్లు దంచు స్త్రీలు, వడ్రంగి మొదలగు పల్లెవారు కలరు. సభకు వచ్చు పల్లెవారు నడచిపోవుచు వానిని చూచిరి. తమవంటివారే గోడలమీద నుండుట చూచి వారేమి తలంచిరో గదా!

ఇక ప్రదర్శనము సంగతి. చిత్రశాల గదులు నిరాడంబరముగా నుండెను. మొదటి గదిలో గంగయొడ్డు గ్రామమునుండి వచ్చిన యొక విద్యార్థి పని యుండెను. మాల్దా, ముర్షిదాబాదు జిల్లాలలో గంగ ఏటేట ఒడ్డును కోసి యిండ్లను, పొలములను మ్రింగుచున్నదని మీరు పత్రికలలో చదివి యుందురు. ఆ విద్యార్థి గాజుసీసాలలో మట్టి నింపి, బల్లమీద వరుసగా పెట్టెను. ఒక్కొక్క సీసామీద నొక్కొక్క స్థలము పేరు: బడి, మామిడితోట, అమ్మమ్మ యిల్లు, శ్మశానము. ఆ చోట్లు ఇప్పుడు నీటిలో నున్నవట. చివరి సీసా ఖాళీగా నుండెను. దానిమీద పేరు లేదు.

రెండవ గదిలో ఒక సంతాలు యువతి పనిని చూచితిని. తమ యింటి గోడలకు తల్లి వేయు తీరున, ఎఱ్ఱమన్ను, సున్నము, మసి కలిపిన రంగులతో ఆమె గోడనంతయు అలికి, దానిమీద తమ వంశవృక్షమును వ్రాసెను. అక్షరములు నాకు తెలియలేదు. అవి 1925లో రఘునాథ ముర్ముగారు సంతాలీ భాషకొఱకు కల్పించిన ఓల్ చికీ లిపి అని మన విద్యార్థి చెప్పెను. "నూఱు సంవత్సరములుగా ఇక్కడివారందఱు మమ్ములను చిత్రించుచునే యున్నారు. మేము చిత్రింపబడుట మాత్రమే ఎఱుగుదుము. ఇప్పుడు కుంచె నా చేతిలో నున్నది" అని ఆ యువతి నవ్వుచు పలికెను. ఆమె నవ్వుచునే చెప్పెను గాని, నేను నవ్వలేకపోతిని.

మూడవ గదిలో మన విద్యార్థి పని. గదిలో అడుగిడినంతనే నాకు మన సంత జ్ఞప్తికి వచ్చినది. ఏలయనగా ఒక పాత నల్లగొంగడి గది నడుమ వ్రేలాడుచుండెను. అతని తండ్రి గొఱ్ఱెల కాపరి. తల్లి ఉన్ని వడుకునది. గొంగడికి చింతగింజల గంజి పెట్టుదురు గదా. ఆ వాసన యింకను దానినుండి పోలేదు. గోడలమీద కొయ్య అచ్చులతో వేసిన పండ్రెండు చిత్రములు. తన తాత మందను తోలుకొని పోయిన దారులు, నీళ్లు త్రాపిన కుంటలు, రాత్రి మంద నిలిపిన చేలు వరుసగా నున్నవి. కొన్ని చోట్ల దారి ముందుకు పోక తెల్లని చతురస్రమునకు తగిలి ఆగిపోయినది. "అవి ప్లాట్లు, సార్. కంచె వేసినారు. దారి లేనప్పుడు మంద నిలువదు. నల్ల ఉన్ని నిచ్చు దక్కని గొఱ్ఱె తగ్గిపోయి, ఉన్ని లేని నెల్లూరు జాతి గొఱ్ఱె వచ్చినది. గొంగడి నేయువారు మా యింట నాయనతో ముగియుదురు" అని అతడు చెప్పెను. నేనెవడనో, నా పూర్వులెట్లు బ్రదికిరో, నా నేలకు ఏమి జరుగుచున్నదో అను మూడు ప్రశ్నలను ఆ విద్యార్థులు వేఱు వేఱుగా అడుగలేదు. ఒక గొంగడిని విప్పినచో మూడును అందులోనే యున్నవి.

"ఇంత చక్కని విషయము నీకు ఎట్లు తోచెను?" అని యడిగితిని. అతడు కొంచెము సంకోచించి, "మీరు తప్పుగా తలంపకుడు, సార్. ఇక్కడికి వచ్చిన మొదటి సంవత్సరము నేను కొండలు, పడవ, కొబ్బరిచెట్టు వేసి చూపితిని. నీవు ఏ ఊరివాడవని గురువుగారు అడిగిరి. చెప్పితిని. మీ ఊరిలో నది యున్నదా అని యడిగిరి. లేదంటిని. వారు మఱేమియు అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అనెను. అతడు గౌరవముతోనే చెప్పెను. కాని ఆ కొండలు ఎవరు నేర్పినవో మా యిరువురకును తెలియును.

సాయంకాలము అతడు నన్ను ఆవరణములోనున్న యొక శిల్పము కడకు తీసికొనిపోయెను. అది రామకింకర్ బైజుగారు 1938లో నిర్మించిన "సంతాలు కుటుంబము". 1906లో బాఁకుడాలో సామాన్య కుటుంబమున పుట్టి, 1925లో ఇక్కడికి వచ్చి, జీవితమంతయు ఇక్కడనే గడపిన శిల్పి ఆయన. కంచు ఖరీదైనది, అందుచేత సిమెంటును, ఆ నేలలోని మొరపు గులకరాళ్లను కలిపి ఆయన ఈ ప్రతిమలను నిలిపెను. చూచుటకు గరుకుగా నుండును. నేలయే లేచి నడచుచున్నట్లుండును. భర్త భుజముపై కావడి. ఒక వైపు బుట్టలో పిల్లవాడు. ప్రక్కన భార్య. వెంట నొక కుక్క. కలిగిన కొద్దిపాటి సామానుతో వారు పనికై మఱియొక చోటికి పోవుచున్నారు. ఆ రోజులలో శిల్పమనగా దొరలకును, రాజులకును నిలుపునది. ఈయన కూలివారిని, మనిషి యెత్తునకు మించిన రూపములతో, ఆరుబయట నిలిపెను.

నేను ఆ శిల్పము ముందు చాలసేపు నిలిచితిని. దీపస్తంభము, చాపచుట్ట, పాత్రల మూట, లారీ దీపములు కన్నులకు కట్టినవి. ఒక మహాశిల్పి కన్ను దేనిని చూచెనో, దానినే పదుమూడేండ్ల బాలుని కన్ను రెండు పెన్సిళ్లతో చూచినది. నేను దానిని మడిచి జేబులో పెట్టుకొనునట్లు చేసితిని.

ఏల చేసితిని? దీనికి జవాబు నాకు తెలియును. ఇంతవరకు ఎవరితోను చెప్పలేదు. మా తాతయు, నాయనమ్మయు నాగార్జునసాగరము కట్టునప్పుడు కూలిపనికి పోయినవారు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతికట్టడము. మన పాలమూరువారు వేలకొలది ఆ పనిలో నుండిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. నాయనమ్మ తట్టతో మట్టి మోసినది. మా తండ్రి ఆ పనిస్థలములోని గుడిసెలో పుట్టెను. ఆ లోయలో మునిగిపోవనున్న ఇక్ష్వాకులనాటి శిల్పములను 1954 నుండి 1960 వరకు త్రవ్వి తీసి, కొండమీద చేర్చి కాపాడిరి. నేను పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోయి వానిని చూపితిని. కాని మా నాయనమ్మ అక్కడ తట్ట మోసినదని ఏ పిల్లవానితోను అనలేదు. మావారు ఏమి చేయుచుండిరని ఎవరైన అడిగినచో, వ్యవసాయమని చెప్పెడివాడను. ఆమె చిత్రము మా యింట నొక్కటియు లేదు. ఆ బాలుని చిత్రమును చూచి నేను కలవరపడుటకు హేతువు అదియే. అందులో నిలిచియున్నవారు మావారే.

తిరిగి వచ్చిన తరువాత జూను మాసము వఱకు వేచియుంటిని. మొదటి వానలు పడిన పిదప ఆ బాలుడు తొమ్మిదవ తరగతికి వచ్చెను. కొంచెము పొడవైనాడు, అఱచేతులు కాయలు కాచినవి. వానిని పిలిచి, "నాడు నీ చిత్రమును వద్దనుట నా పొరబాటు. అది యున్నచో తెచ్చి యిమ్ము" అంటిని.

"బట్టీ దగ్గర గుడిసెలో అంటించితిని, సార్. వానకు తడిసిపోయినది" అనెను.

శాంతినికేతనమున నేను కొనిన "సంతాలు కుటుంబము" ఛాయాపటమును వాని చేతికిచ్చితిని. వాడు దానిని చాలసేపు చూచెను. పిమ్మట, "వీరు ఏ బట్టీకి పోవుచున్నారు, సార్?" అని యడిగెను. నాకు తెలియదంటిని. మరల చూచి, "కుక్కను కూడ తీసికొని పోవుచున్నారే! మా కుక్కను లారీ ఎక్కనీయలేదు. చెఱువుకట్ట దాక వెంట పరుగెత్తినది" అనెను.

"మఱి నీ చిత్రములో కుక్క లేదేమి?"

"దానిని తీసికొనిపోరని అంతకు ముందటి యేడే తెలిసినది, సార్. అందుకు వేయలేదు."

అంతకు మించి నేను అడుగలేదు. కాగితమును, మొత్తము రంగుల పెట్టెను ఇచ్చితిని. వాడు రంగుల పెట్టెను తెఱచి చూచి, నల్ల పెన్సిలును, పసుపుపచ్చ పెన్సిలును మాత్రము తీసికొనెను.

2025లో మన చిత్రప్రదర్శనమును నవంబరులో కాక, దసరా సెలవులకు ముందే జరిపితిమని తల్లిదండ్రు లెఱుగుదురు. కొందఱు కారణ మడిగిరి. వలసపోవు తల్లిదండ్రులు పోకముందే తమ పిల్లల పనిని చూడవలెనని ప్రధానోపాధ్యాయులవారిని కోరి ఆ తేదీని మార్పించితిని. నల్లబల్ల మీద ఈ మాఱు నేను ఏ చిత్రమును వేయలేదు. "మీరు ఎఱిగినది వేయుడు" అని మాత్రము చెప్పితిని. బోరుబావి ఎండిన చేను, తాత చెప్పుల దుకాణము, గ్రామములోని పాత వేపచెట్టును నఱకిన నాడు ఊరివారు గుమిగూడి నిలుచుట, సెల్‌ఫోనులో తండ్రి ముఖము చూచుచు మాటలాడు తల్లి, ఇట్టివి వచ్చినవి. కొండలును, పడవయు కూడ రెండు వచ్చినవి. వానిని కూడ పెట్టితిమి. వేసినవారికి అవి ఇష్టమైనవి. ఎవరి చిత్రమును త్రిప్పి పంపరాదని నేను నిశ్చయించుకొంటిని.

ఆ బాలుని క్రొత్త చిత్రము వసారా ద్వారము ప్రక్కన నుండెను. అందులో లారీ పోవుచున్నది. వెనుక ధూళిలో కుక్క పరుగెత్తుచున్నది. లారీమీద కూర్చుండినవారిలో ఒక్కరే వెనుకకు తిరిగి చూచుచున్నారు. వాని తల్లి వచ్చి, చెప్పులు విడిచి, ఆ చిత్రము ముందు నిలిచినది. నేను దగ్గరకు పోయి, "బాగున్నదా, అమ్మా?" అంటిని. ఆమె వ్రేలితో మూటను చూపి, "ఇందులో నా రొట్టెల పెనము కూడ ఉండును, సారూ. అది వేయలేదు వీడు" అనెను. తరువాత కొంగుతో కన్నులు తుడుచుకొని నవ్వెను.

చిత్రము వలన అడ్వాన్సు తీఱదు. ఆ తల్లిదండ్రులు దసరా పిదప మరల బట్టీకి పోయిరి. బాలుని మాత్రము మన బోర్డింగులో నుంచుటకు తండ్రి సమ్మతించెను, వాడిప్పుడు చదువుకొనుచున్నాడు. చిన్న చెల్లెలు వారితోనే పోయినది. కుక్కకు వాడు బడినుండి పోయి ఆదివారములందు అన్నము పెట్టి వచ్చుచున్నాడు.

విద్యార్థులారా, మీ యింట పాత గొంగడి, తట్ట, పార, విసుఱురాయి ఏదైన ఉన్నచో పెద్దలనడిగి దాని కథ తెలిసికొనుడు. తరువాత దానిని చిత్రించి తెండు. తల్లిదండ్రులారా, వారు అడిగినప్పుడు దాచక చెప్పుడు. నేనును మా తండ్రిగారి నడిగి, ఆయన చెప్పిన గుర్తులనుబట్టి నాయనమ్మ చిత్రము వేయుచున్నాను. తట్ట మోయుదాని మెడ ఎట్లుండునో నా చేతికి యింకను కుదురలేదు. వచ్చు ప్రదర్శనము నాటికి ముగించి, మీ పిల్లల చిత్రముల ప్రక్కన పెట్టుదును.